ప్రైవేటుగా కోలుకున్నవాళ్ళు

బ్లడ్ క్యాన్సర్ ఉన్నవాడికి కరోనా రాకూడదని ఎవరూ రూలు పెట్టలేదు. పెట్టి ఉంటే అందరికంటే ముందు పాటించేవాణ్ణి నేనే.

నా పేరు ధనుంజయం. మా ఊళ్ళో పెళ్ళికైనా, దినానికైనా, రాజకీయ సభకైనా షామియానా, కుర్చీలు కావాలంటే నాకే ఫోన్ చేస్తారు. అంతకుముందు ఏడాది నీరసం నీరసం అంటూ టానిక్కులు తాగీ తాగీ, ఆఖరికి రక్తపరీక్ష చేయించుకుంటే బ్లడ్ క్యాన్సర్ అన్నారు. పెద్దాసుపత్రిలో డాక్టర్ షాహీన అనే చిన్నావిడ వైద్యం మొదలుపెట్టింది. "మీ ఒంట్లో తెల్లకణాలు బోలెడన్ని ఉన్నాయండీ, కానీ పనికొచ్చేది ఒక్కటీ లేదు" అని ఆవిడ చెప్పగానే నాకు జబ్బు పూర్తిగా అర్థమైపోయింది. పెళ్ళిళ్ళలో వడ్డనకి వచ్చే కుర్రాళ్ళతో ఇరవై ఏళ్ళుగా వేగుతున్నవాణ్ణి నేను.

వైద్యం బాగానే సాగుతుండగా కరోనా రెండో విడత వచ్చింది. నాకూ వచ్చింది. ఆయాసంతో అదే ఆసుపత్రిలో చేరాను. చేరాక తెలిసింది, ఆసుపత్రికి నాకంటే పెద్ద జబ్బు చేసిందని.

ఆ జబ్బు రోడ్డుకి అవతలి పక్కనుంచి వచ్చింది. ఎదురాసుపత్రి వాళ్ళు సరిగ్గా మా ఆసుపత్రి ఛైర్మన్ గారి గది కిటికీలోంచి కనపడేలా ఓ హోర్డింగ్ కట్టించారు. "కోలుకున్నవారు నూటికి తొంభై తొమ్మిది!" అని దాని మీద ఎర్రక్షరాలు. మా వాళ్ళ లెక్క తొంభై రెండు దగ్గర ఆగింది. ఛైర్మన్ గారికి అన్నం సయించలేదు. డాక్టర్లని పిలిచి అడిగితే మందులు కావాలన్నారు, మనుషులు కావాలన్నారు, ఆక్సిజన్ కావాలన్నారు. ఫలితాలు తెచ్చేవాడు కావాలని మాత్రం ఒక్కరూ అనలేదు. అది ఛైర్మన్ గారే కనిపెట్టారు.

కరోనా పుణ్యమా అని అప్పుడు కాలేజీలన్నీ మూతపడి ఉన్నాయి. ఇంటర్ కాలేజీల్లో పాతికేళ్ళు ర్యాంకులు పండించిన చక్రధరరావు గారు ఇంట్లో ఊరికే కూర్చుని, మనవడికి ఎక్కాలు నేర్పుతూ, ఆ పిల్లవాడి ప్రాణం తీస్తున్నారు. ఛైర్మన్ గారు ఆయన్ని కారు పంపించి పిలిపించుకుని "డీన్, ఫలితాలు" అనే పదవి ఇచ్చారు. ఆ ఇంట్లో ఆ రోజు పాయసం వండుకున్నారని వినికిడి.

మర్నాడు పొద్దున ఐదున్నరకి కరోనా వార్డులో మైకు మోగింది.

"గుడ్ మార్నింగ్ పేషెంట్స్!"

ఊపిరి ఉన్నవాళ్ళు "గుడ్ మార్నింగ్ సార్" అన్నారు. లేనివాళ్ళు చెయ్యెత్తారు.

"మన దగ్గర హార్డ్ వర్క్ కాదు, స్మార్ట్ వర్క్! ఐదున్నర నుంచి ఏడు దాకా బోర్లా పడుకునే అవర్. ఏడుకి ఇడ్లీ. పదింటికి స్లిప్ టెస్టు. వేలికి మిషన్ పెడతారు, ఎవరి ఆక్సిజన్ ఎంతో బోర్డు మీద రాస్తారు. పక్కవాడితో కబుర్లొద్దు. మీ మీద మీ పేరెంట్స్ ఎన్నో ఆశలు పెట్టుకున్నారని గుర్తుంచుకోండి."

నా పక్క మంచం మీద ఏసుపాదం గారని రిటైరైన రైల్వే గ్యాంగ్‌మన్ ఉండేవాడు. ఆయనకీ నాలాగే రెండు జబ్బులు. "మా నాయన పోయి ముప్పయ్యేళ్ళయింది గదయ్యా, ఇంకా నామీద ఆశలు పెట్టుకున్నాడంటావా?" అని ఆయన ఆక్సిజన్ ముసుగులోంచి నవ్వాడు. నవ్వితే దగ్గొస్తుంది, దగ్గితే నర్సొస్తుంది. అయినా మానేవాడు కాదు.

వారం తిరిగేసరికి వార్డు వార్డంతా మారిపోయింది. తొంభై ఎనిమిది పైన వచ్చినవాళ్ళు స్టార్ బ్యాచ్. వాళ్ళకి కిటికీ పక్క మంచాలు, ఇడ్లీతో పాటు గారె. తొంభై అయిదు పైన ఎ సెక్షన్. తర్వాత బి, సి. తొంభై రెండు వచ్చిన ఓ పెద్దమనిషికి ఊపిరి వందసార్లు పీల్చి వదిలే ఇంపోజిషన్ ఇచ్చారు. పాపం ఒకాయన గారె మీద ఆశతో పక్క మంచం కుర్రాడి వేలు అరువు తెచ్చుకుని మిషన్లో పెట్టించాడు. దొరికిపోయాడు. మాల్‌ప్రాక్టీసు కింద రెండు రోజులు చట్నీ ఆపేశారు.

శనివారం పేరెంట్స్ మీటింగ్, వీడియో కాల్లో. మా ఆవిడ కాత్యాయనికి ఫోన్ కలిపారు.

"చూడమ్మా, మీవాడు ఇంటెలిజెంటే. కానీ బేసిక్స్ వీక్" అన్నారు డీన్ గారు. "మొదట్నుంచీ ఇంట్లో గారాబం చేశారు."

"నేను ఆయన పెళ్ళాన్నండీ, తల్లిని కాదు" అంది మా ఆవిడ.

"ఎవరైనా ఒకటేనమ్మా. గార్డియన్ గార్డియనే."

"సర్లెండి. రాత్రి అన్నం తిన్నాడా లేదా, అది చెప్పండి ముందు."

డీన్ గారు కాగితాలు తిరగేశారు. నా ఆక్సిజన్ ఎంతో, ర్యాంకు ఎంతో, సెక్షన్ సగటు ఎంతో ఉంది గానీ అన్నం సంగతి అందులో లేదు.

మేము డి సెక్షన్. బ్లడ్ క్యాన్సర్ మీద కరోనా కూడా వచ్చినవాళ్ళం, మొత్తం ఏడుగురం. మమ్మల్ని ఓ మూల గదిలో వేశారు. రోజూ నాకు ప్లేట్‌లెట్లు ఎక్కించాలి, లేకపోతే పళ్ళు తోముకుంటే చాలు నోరంతా రక్తం. ఏసుపాదం గారికి రెండు రోజులకోసారి రక్తం. అందరికీ ఆక్సిజన్. డాక్టర్ షాహీన తల నుంచి కాళ్ళ దాకా కప్పే తెల్లటి తొడుగు వేసుకుని వచ్చి ఒక్కొక్కళ్ళ దగ్గరా చాలాసేపు ఉండేది. ఓ రోజు ఆవిడ ఉండగానే డీన్ గారు గుమ్మం అవతల నిలబడి అడిగారు.

"మేడమ్, ఫ్రాంక్‌గా చెప్పండి. ఈ సెక్షన్లో పాస్ పర్సెంటేజ్ ఎంతుంటుంది?"

"వీళ్ళ ఒంట్లో వైరస్‌తో పోరాడే శక్తి తక్కువ సార్. మామూలు వాళ్ళలో పోయినట్టు తొందరగా పోదు. వీళ్ళలాంటి వాళ్ళు చాలామంది దక్కట్లేదు. ఆ మాట వాళ్ళకీ చెప్పాను, దాచలేదు."

"అదేనమ్మా నేనూ అంటున్నది! ఏవరేజ్ మొత్తం వీళ్ళ దగ్గరే పడిపోతోంది. అట్లాంటి వాళ్ళని మనం పరీక్షకి ఎందుకు పంపాలి?"

"సార్, దక్కరేమోనని భయం ఉన్నవాళ్ళనే కదా ఆసుపత్రిలో ఉంచాల్సింది? స్టార్ బ్యాచ్ వాళ్ళు ఇంట్లో ఉన్నా బాగవుతారు."

డీన్ గారు జాలిగా నవ్వారు. "మీరు వైద్యంలో గోల్డ్ మెడలిస్టేమో గానీ, అడ్మిషన్స్‌లో అనుభవం లేదు మేడమ్. ఏ మంచి కాలేజీ అయినా ఎలా నడుస్తుందో చెప్పనా? బాగా చదివేవాణ్ణి చేర్చుకుంటాం, వాడు బాగా చదువుతాడు, మేం చదివించామంటాం. చదవనివాణ్ణి ప్రైవేటుగా కట్టిస్తాం. పాసయ్యాడా, మావాడు. ఫెయిలయ్యాడా, వాడెవడో మాకు తెలీదు."

ఆ సాయంత్రమే డి సెక్షన్ మొత్తాన్ని ప్రైవేటు అభ్యర్థులుగా మార్చేశారు. ఆసుపత్రి లెక్కలో మేము ఏడుగురం నవ్వుకుంటూ ఇంటికెళ్ళిపోయాం. మనుషులం మాత్రం ఆసుపత్రి వెనక ఉన్న ఫంక్షన్ హాల్‌కి వెళ్ళాం, స్ట్రెచర్ల మీద.

ఆ హాలు నాకు బాగా తెలిసిందే. అక్కడ ఏ ఫ్యాను తిరుగుతుందో, ఏది ఊరికే అరుస్తుందో కళ్ళు మూసుకుని చెప్పగలను. పెళ్ళిళ్ళు లేక ఖాళీగా ఉంటే ఛైర్మన్ గారు అద్దెకి తీసుకున్నారు. మంచాలు వేశారు, ఆక్సిజన్ సిలిండర్లు పెట్టారు, గేటు దగ్గర ఓ వాచ్‌మన్‌ని కూర్చోబెట్టారు. డాక్టర్ లేడు, నర్సు లేదు, రక్తం లేదు. ప్రైవేటు వాళ్ళకి క్లాసులు ఉండవని డీన్ గారి సెలవు. ఎదురుగా స్టేజీ మీద వధూవరుల ఎర్ర సింహాసనాలు మాత్రం దర్జాగా ఉన్నాయి.

మొదటి రాత్రికే నా నోట్లో రక్తం మొదలైంది. నాకు భయమేసింది. చచ్చిపోతాననే భయం ఆ రోగం తెలిసినప్పటి నుంచీ ఉన్నదే. ఇంటికెళ్ళిపోయినట్టు లెక్క రాసేసిన మనిషిని, ఇక్కడ పోతే ఎక్కడ పోయినట్టు? ఆ ఆలోచనకి మాత్రం ఏడుపొచ్చింది.

తెల్లారగానే డాక్టర్ షాహీన వెనక గోడ దగ్గరి చిన్న గేటులోంచి వచ్చింది. మందులిచ్చింది. మధ్యాహ్నానికల్లా వాచ్‌మన్ చెప్పేశాడు. సాయంత్రానికి డీన్ గారి ఉత్తర్వు వచ్చింది. మా సిబ్బంది బయటివాళ్ళకి ప్రైవేటు ట్యూషన్లు చెప్పరాదు, చెప్పినచో ఉద్యోగం నుంచి తొలగించబడుదురు. ఆవిడ ఆ ఉత్తర్వు మాకు ఫోన్లో చదివి వినిపించి, "ఏం చేద్దామండీ?" అని అడిగింది. అన్ని చదువులు చదివినావిడ, షామియానాలవాణ్ణి నన్నడిగింది.

నన్ను ఫంక్షన్ హాల్లో పడుకోబెట్టి ఏం చేద్దామంటే ఇంకేం చెప్తాను?

"పెళ్ళి చేద్దాం మేడమ్" అన్నాను.

కరోనా అయినా సరే, ఇరవై మందితో పెళ్ళి చేసుకోవచ్చని అప్పటి రూలు. ఇరవై మంది ఎవరెవరనేది రూల్లో లేదు. మా ఆవిడకి చెప్పాను. పొద్దున్నే మా కుర్రాళ్ళు వచ్చి గేటుకి అరటి బోదెలు కట్టారు, మామిడి తోరణాలు కట్టారు, షామియానా లేపారు, సన్నాయి రికార్డు పెట్టారు. కాస్సేపటికి పట్టుచీరల్లో నర్సులు, పట్టుచీరలో డాక్టరమ్మ. చేతుల్లో మెరుపు కాగితాలు చుట్టిన బహుమతులు. వాచ్‌మన్ లేచి నిలబడి దణ్ణం పెట్టాడు. వాళ్ళు పెళ్ళికూతుర్ని ముస్తాబు చేసే గదిలోకెళ్ళి తెల్ల తొడుగులు వేసుకుని వచ్చారు. ఓ బహుమతి విప్పితే ప్లేట్‌లెట్ల సంచి. ఇంకోదాంట్లో రక్తం. మిగతావాటిలో ఇంజెక్షన్లు. నా పెళ్ళికి కూడా ఇన్ని పనికొచ్చే కానుకలు రాలేదు.

వధూవరుల మాటేమిటని ఎవరికీ గుర్తు లేదు. ఏసుపాదం గారికే గుర్తొచ్చింది.

"పెళ్ళికొడుకు లేకుండా పెళ్ళేందయ్యా? నన్ను కూర్చోబెట్టండి. మాది చర్చి పెళ్ళి. సన్నాయి మీద నాకెప్పట్నుంచో మనసు."

"సిగ్గులేకపోతే సరి!" అంది ఆయన భార్య మార్తమ్మ. ఆవిడ కరోనా వచ్చి తగ్గినావిడ, మొగుణ్ణి వదలకుండా అక్కడే ఉంది. అంటూనే జడలో పూలు తురుముకుంది. ముసుగుతో, సిలిండర్‌తో సహా ఆయన్ని సింహాసనం మీద కూర్చోబెట్టాం. రక్తం ఎక్కే స్టాండు పక్కన నిలబెడితే దానికీ ఎవరో బంతిపూల దండ వేశారు.

రోజూ పెళ్ళే. ముహూర్తం పొద్దున తొమ్మిదికి, మళ్ళీ సాయంత్రం ఆరుకి. కాగితం మీద మేం ఇళ్ళకెళ్ళిపోయినవాళ్ళం కాబట్టి హాల్లో పెళ్ళేమిటని డీన్ గారు అడగలేదు గానీ, ఒకే హాల్లో ఇన్ని పెళ్ళిళ్ళేమిటని అనుమానం వచ్చి స్వయంగా తనిఖీకి వచ్చారు. గేటు దగ్గర మా ఆవిడ పన్నీరు చల్లి, శానిటైజర్ పోసి ఆపింది. డీన్ గారు తొంగి చూశారు. లోపల మేమంతా కనపడ్డాం. ఆయన గుర్తుపట్టలేదు. ఆయనకి మా ముఖాలు తెలియవు, మా శాతాలే తెలుసు.

"పెళ్ళికొడుక్కి వయసు ముదిరినట్టుందే?"

"సంబంధాలు కుదరక ఆలస్యమైందండీ."

"ముక్కుకి ఆ గొట్టమేంటమ్మా?"

"వాళ్ళ ఆచారమండీ."

"శుభం. లోపలికి రావొచ్చా?"

"ఇరవై మంది అయిపోయారండీ. మీరు ఇరవై ఒకటో వారు. రూలు రూలే గదా!"

రూలు అనే మాట వినగానే డీన్ గారి ముఖంలో గౌరవం కనిపించింది. అక్కడినుంచే అక్షింతలు వేసి, దశలవారీగా సంతానం కలగాలని దీవించి వెళ్ళిపోయారు. ఏసుపాదం గారు నవ్వలేక, దగ్గలేక, కళ్ళ నీళ్ళు పెట్టుకున్నాడు.

అన్నీ పెళ్ళిళ్ళలా గడిచిపోతే ఎంత బాగుండేది. ఓ తెల్లవారుజామున ఏసుపాదం గారు పోయాడు. డాక్టరమ్మ చెయ్యాల్సిందంతా చేసింది, ఆయన ఉండగలిగినంతా ఉన్నాడు. ఐసీయూ గోడ అవతలే ఉంది. ప్రైవేటు అభ్యర్థికి ఐసీయూ లేదన్నారు. నాకు అంత కోపం జీవితంలో ఎప్పుడూ రాలేదు. మార్తమ్మ ఏడవలేదు. జడలో పూలు తీసి ఆయన చేతిలో పెట్టింది. ఆ రోజు సన్నాయి వెయ్యలేదు.

మిగిలిన ఆరుగురం మెల్లిమెల్లిగా తేరుకున్నాం. ముందు ఆక్సిజన్ గొట్టం పోయింది, తర్వాత జ్వరం, తర్వాత నాకు చింతకాయ పచ్చడి మీద ధ్యాస పుట్టింది. అది చూసి డాక్టరమ్మ పరీక్షలు చేయించి, ఇక ఫరవాలేదంది. క్యాన్సర్ ఉందనుకోండి. దాని వైద్యం దానిది.

ఇక్కడ మేము తేరుకునేలోగా, అక్కడ ఎదురాసుపత్రి హోర్డింగ్ మీద అంకె మారింది. "నూటికి నూరు!" అని వేశారు. వాళ్ళకీ ఓ డీన్ దొరికాడన్నమాట. మా డీన్ గారు ఆ పూటకల్లా స్టార్ బ్యాచ్ తప్ప మిగతావాళ్ళందరినీ ప్రైవేటు లెక్కలోకి మార్చి మనదీ నూరే చేశారు. ఇద్దరూ నూరే అయ్యేసరికి ఛైర్మన్ గారికి మళ్ళీ అన్నం మానుకోవాల్సిన పరిస్థితి వచ్చింది.

"నూరు దాటి ఎట్లా పోవాలండీ?" అని అడిగారట.

"పర్సెంటేజ్ అందరూ తెస్తారు సార్. మనకి కావాల్సింది స్టేట్ ఫస్ట్" అన్నారట డీన్ గారు. "ఎవడూ పాసవడని అందరూ అనుకున్నవాడు పాసవ్వాలి. ఒక్క ఫొటో చాలు."

అప్పుడు బయటపడింది మా సంగతి. బ్లడ్ క్యాన్సర్ మీద కరోనా వచ్చి, ఆరుగురు లేచి తిరుగుతున్నారని.

డీన్ గారు పూలదండతో, ఫొటోగ్రాఫర్‌తో హాల్‌కి వచ్చారు. మేమెలా బతికామని ఆయన అడగలేదు. డాక్టరమ్మ పట్టుచీరతో అక్కడే నిలబడి ఉంటే, పెళ్ళివారనుకుని నమస్కారం పెట్టారు. వెనకే ఎదురాసుపత్రి డీన్ కూడా దండతో దిగాడు. రెండేళ్ళ కిందట నేను వాళ్ళ దగ్గర పన్ను పీకించుకున్నానట, అందుకని వాళ్ళ పాత విద్యార్థినట. ఇద్దరూ చెరో చెయ్యీ పట్టుకుని లాగారు. ఏ ఆసుపత్రి వాళ్ళూ ఏ రోజూ నన్ను ఇంత గట్టిగా రమ్మనలేదు.

"ఆగండి" అంది కాత్యాయని. ఇద్దరూ వదిలారు. "ఫొటో ఇస్తాం. ఎవరు మా షరతు ఒప్పుకుంటే వాళ్ళకే."

"చెప్పండమ్మా, చెప్పండి" అన్నారు డీన్ గారు.

"మూల గది తెరిచి, ఇట్టాంటి వాళ్ళు ఎంతమంది వచ్చినా చేర్చుకోవాలి. రక్తం ఇవ్వాలి, ఐసీయూ ఇవ్వాలి. డాక్టరమ్మ పట్టుచీర కట్టుకోకుండానే వైద్యం చెయ్యాలి."

"చేస్తాం."

"హోర్డింగ్ మీద మా ఆయన ఒక్కడి ఫొటో కాదు. ఏడుగురివీ వెయ్యాలి. ఏసుపాదం గారిది మధ్యలో వెయ్యాలి."

డీన్ గారు గొంతు తగ్గించారు. "అమ్మా, ఆయన లేరు కదా. ఫెయిలైన వాళ్ళ ఫొటో ఏ కాలేజీ అయినా వేస్తుందా?"

మార్తమ్మ ఆ వేళ మమ్మల్ని చూసిపోదామని వచ్చి, కూర్చుని ఉంది. లేచి వచ్చింది.

"మాయన ఫెయిలవలేదు బాబూ" అంది. "మీరు హాల్‌టికెట్ ఇవ్వలేదు."

ఎదురాసుపత్రి డీన్ నెమ్మదిగా ఫోన్ తీశాడు, వాళ్ళ ఛైర్మన్‌ని అడగడానికి. అది చూసి మా డీన్ గారు గబగబా ఒప్పేసుకున్నారు. ఆయన మనసు కరిగి ఒప్పుకున్నారో, పోటీలో ఒప్పుకున్నారో నేను తేల్చి చెప్పలేను. కళ్ళజోడు తీసి తుడుచుకున్న మాట మాత్రం నిజం.

వారం తర్వాత పరీక్షల కోసం ఆసుపత్రికి వెళ్ళాను. రోడ్డు మీద హోర్డింగ్ ఉంది, ఏడుగురివీ ఫొటోలున్నాయి, కింద నూరు అనే అంకె లేదు. గేటు దగ్గర డీన్ గారే కుర్చీ వేసుకుని స్వయంగా అడ్మిషన్లు చూస్తున్నారు. ముందు బలంగా ఉన్న ఓ కుర్రాడు వచ్చాడు, కాస్త జ్వరం, కాస్త దగ్గు.

"ఇదొక్కటేనా? ఇంకేం లేదా?"

"లేదు సార్."

"అయితే ఇంటికెళ్ళి మాత్ర వేసుకో నాయనా. నీలాంటివాళ్ళు పాసైనా మాకు పేరు రాదు."

వాడి వెనక ఓ పల్లెటూరి పెద్దాయన, పక్కన కూతురు. ఎండుకుపోయిన మనిషి. ఆయాసపడుతూనే ఆ అమ్మాయి చేతిలోంచి కాగితాలు తీసుకుని, భయంభయంగా చేతులు జోడించాడు.

"అయ్యా, నాకు రక్తంలో క్యాన్సరంట. ఇప్పుడు కరోనా అంటన్నారు. నాలుగు ఆసుపత్రులు తిరిగొచ్చాం. ఎవురూ చేర్చుకోలా."

డీన్ గారు కుర్చీలోంచి ఎగిరి లేచారు. "రండి! రండి! మీకోసమే చూస్తున్నాం!" అని రెండు చేతులూ చాచారు. లోపల్నుంచి డాక్టర్ షాహీన స్ట్రెచర్‌తో సహా పరుగెత్తుకొచ్చింది. మామూలు నూలు చీరలో ఉంది.

పెద్దాయన నమ్మలేక గుమ్మం దగ్గరే ఆగి, చెప్పులు విప్పబోయాడు.

"చెప్పులతోనే రండి" అన్నారు డీన్ గారు.